బీటెక్ ఈఈఈ చదువు: పునాది ఎక్కడ వేసుకోవాలి, ఎలా ముందుకు సాగాలి

ఈఏపీసెట్ ద్వారా మొదటి సంవత్సరంలోగానీ, డిప్లొమా తరువాత ఈసెట్ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలోగానీ ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్)లో చేరిన విద్యార్థి ముందుగా గ్రహించవలసినది ఒకటుంది. సిలబస్‌లో సబ్జెక్టుల పేర్లు ఎన్ని కనిపించినా, వాటిలో అధిక భాగం ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) సర్క్యూట్ల మీదనే ఆధారపడి నిలుస్తాయి. అక్కడ పట్టు లేని విద్యార్థికి ట్రాన్స్‌ఫార్మర్, ఇండక్షన్ మోటారు, ట్రాన్స్‌మిషన్ లైను దేనికదే కొత్త సబ్జెక్టుగా తోస్తుంది. ఈసెట్ ద్వారా వచ్చినవారు మొదటి సంవత్సరపు గణితాన్ని తరగతిలో వినరు కనుక సంకీర్ణ సంఖ్యలు, అవకలన సమీకరణాలు, లాప్లాస్ పరివర్తన అనే మూడింటినీ తరగతులు మొదలయ్యేలోపే సొంతంగా నేర్చుకోవడం మంచిది.

సర్క్యూట్ల లెక్కను జవాబు వచ్చిన చోట వదిలిపెట్టకూడదు. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ సరఫరాకు 10 ఓమ్‌ల నిరోధాన్ని, 31.8 మిల్లీహెన్రీల ఇండక్టర్‌ను సిరీస్‌లో కలిపారనుకోండి. ఇండక్టర్ రియాక్టెన్స్ (ఏసీకి అది చూపే అడ్డు) కూడా దాదాపు 10 ఓమ్‌లే కనుక ఇంపెడెన్స్ (రెండూ కలిసి చూపే మొత్తం అడ్డు) 14.14 ఓమ్‌లు, కరెంటు 16.26 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజీ, కరెంటుల లబ్ధంలో నిజంగా వినియోగమయ్యే వాటా) 0.707, వినియోగమయ్యే పవర్ 2,645 వాట్లు అవుతాయి. పరీక్షకు ఇంతవరకు సరిపోతుంది, కానీ అసలు చదువు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఈ లోడుకు సమాంతరంగా సుమారు 159 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను కలిపి మళ్లీ లెక్కించండి. లోడు తీసుకునే వాట్లు మారవు, సరఫరా నుంచి వచ్చే కరెంటు మాత్రం 11.5 ఆంపియర్లకు దిగుతుంది. తీగలో నష్టం కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక అది సరిగ్గా సగమవుతుంది. వ్యవసాయ పంపుసెట్లకు కెపాసిటర్లు బిగించుకోమని విద్యుత్ పంపిణీ సంస్థలు రైతులను కోరడంలోని కారణం ఈ ఒక్క లెక్కలోనే ఉంది. ప్రతి లెక్కకూ ఫేజర్ చిత్రాన్ని (వోల్టేజీ, కరెంటులను వాటి మధ్య కోణంతో చూపే బాణాల బొమ్మను) చేత్తో గీయండి, జవాబు రాకముందే కరెంటు వోల్టేజీ కంటే వెనకబడుతుందా, ముందుంటుందా అని ఊహించండి, ఆ తరువాతే కాలిక్యులేటర్ అందుకోండి. ఆల్ ఇన్ వన్ గైడులో పరిష్కరించి ఉన్న లెక్కలను చదువుకుంటూ పోవడం వల్ల ఈ అలవాటు ఎన్నటికీ రాదు.

మెషీన్స్ విషయంలో నా దృఢమైన అభిప్రాయం ఏమిటంటే, ఈ సబ్జెక్టు తరగతి గదిలో కన్నా ల్యాబ్‌లోనే బాగా అర్థమవుతుంది. అయితే పాత రికార్డులోని రీడింగులను అబ్జర్వేషన్ పుస్తకంలోకి ఎక్కించేవారికి ఈ మాట వర్తించదు. ట్రాన్స్‌ఫార్మర్ ఓపెన్ సర్క్యూట్ పరీక్షలో పూర్తి వోల్టేజీ ఇచ్చినా కరెంటు చాలా తక్కువగా ప్రవహిస్తుంది కనుక రాగి నష్టం లెక్కలోకి రాదు, వాట్‌మీటర్ చూపేది దాదాపుగా ఇనుము నష్టమే. షార్ట్ సర్క్యూట్ పరీక్షలో పూర్తి కరెంటును కొద్దిపాటి వోల్టేజీతోనే రప్పిస్తాము కనుక కోర్‌లో ఫ్లక్స్ స్వల్పంగా ఉండి రాగి నష్టం మాత్రమే కనిపిస్తుంది. మొదటి పరీక్షకు ఎల్‌పీఎఫ్ (లో పవర్ ఫ్యాక్టర్) వాట్‌మీటర్ ఎందుకు కావాలి, దాన్ని లో వోల్టేజీ వైపు నుంచి ఎందుకు చేస్తారు అన్న ప్రశ్నలకు మీ సొంత మాటల్లో సమాధానం రాసుకున్నాకే కనెక్షన్లు మొదలుపెట్టండి. వైవాకు వేరే తయారీ అవసరం ఉండదు.

భద్రత గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డీసీ షంట్ మోటారు లోడు లేకుండా తిరుగుతున్నప్పుడు ఫీల్డ్ సర్క్యూట్ తెగితే వేగం ప్రమాదకరంగా పెరుగుతుంది. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో కరెంటు ఉండగా సెకండరీని తెరిస్తే అక్కడ ప్రాణాంతకమైన వోల్టేజీ పుట్టవచ్చు. సరఫరా ఇచ్చేముందు మీ కనెక్షన్లను ల్యాబ్ సిబ్బందికి చూపించడం మానకండి.

మూడో సంవత్సరంలో పవర్ సిస్టమ్స్ వచ్చేసరికి, ల్యాబ్‌లో ఆల్టర్నేటర్‌ను (ఏసీ జనరేటర్‌ను) సరఫరాతో కలిపిన ప్రయోగాన్ని మళ్లీ గుర్తుచేసుకోండి. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ క్రమం, ఫేజ్ కోణం సరిపోయినప్పుడే స్విచ్ వేయాలన్న నియమం దేశమంతటి గ్రిడ్‌కూ వర్తిస్తుంది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా కలిసేవరకు దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో సింక్రనస్‌గా (ఒకే ఫ్రీక్వెన్సీతో, ఒకే లయలో) లేదు. విశాఖపట్నంలోని గాజువాక కేంద్రం వంటి హెచ్‌వీడీసీ (హై వోల్టేజీ డైరెక్ట్ కరెంట్) లింకులు రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీల మధ్య పవర్‌ను చేరవేసేవి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు ప్రాంతాల గ్రిడ్‌లు కూలినప్పుడు దక్షిణాది వాటితో పాటు పడిపోకపోవడానికి కారణం ఇదే. ఈ ఉదాహరణను సరిగ్గా అర్థం చేసుకున్న విద్యార్థికి హెచ్‌వీడీసీ పాఠం కంఠస్థం చేయవలసిన పని ఉండదు. లోడ్ డిస్పాచ్ కేంద్రాలు రోజువారీ నివేదికలను అందరికీ అందుబాటులో ఉంచుతాయి. వాటిలో ఫ్రీక్వెన్సీ, గరిష్ఠ డిమాండ్, సౌర విద్యుత్ వాటాలను కొన్ని వారాలపాటు గమనించండి.

కంట్రోల్ సిస్టమ్స్‌ను లాప్లాస్ వచ్చినవారు త్వరగానే అందుకుంటారు. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో సూత్రాల కన్నా ముందు తరంగ రూపాలను గీయడం నేర్చుకోవాలి. పాఠం అర్థం కానప్పుడు ఎన్‌పీటీఈఎల్ ఉచిత వీడియోలు బాగా ఉపయోగపడతాయి.

గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయదలచినవారు అందుకోసం చివరి సంవత్సరం దాకా ఆగనక్కరలేదు. ప్రతి సెమిస్టర్ ముగిశాక ఆ సబ్జెక్టులలోని పాత గేట్ ప్రశ్నలను సెలవుల్లో చేసుకుంటే చాలు. ప్రాజెక్టును బయట కొనకండి. చిన్న బక్ కన్వర్టర్ (డీసీ వోల్టేజీని తగ్గించే సర్క్యూట్) అయినా సరే, స్వయంగా డిజైన్ చేసి, ఇండక్టర్ చుట్టి, ఆసిలోస్కోప్ మీద కనిపించిన తరంగం మీ లెక్కతో ఎంతవరకు కలిసిందో, కలవనిచోట కారణమేమిటో రిపోర్టులో రాయండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న సాధారణంగా ప్రాజెక్టు మీదనే వస్తుంది.