కుటుంబ నియంత్రణ సలహా: నిర్ణయం ఆమె చేతిలో ఉండాలంటే

కుటుంబ నియంత్రణ సలహా కోసం వచ్చిన స్త్రీతో ఏఎన్‌ఎం గానీ ఆశా కార్యకర్త గానీ ముందుగా మాట్లాడవలసింది ఆమె పరిస్థితి గురించి: ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా, ఎన్నేళ్ల ఎడం కావాలి, బిడ్డకు పాలిస్తున్నారా, ఇదివరకు ఏదైనా పద్ధతి వాడి మానేశారా, మానేస్తే ఎందుకు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా గర్భనాళాలు (గొట్టాలు) మూసే ఆపరేషన్ చేయించుకున్నవారే. అందువల్ల ఇద్దరు పిల్లలు పుట్టగానే "ఆపరేషన్ ఎప్పుడు?" అని అడగడమే సలహాగా చెల్లిపోతోంది. ఆపరేషన్ మంచి పద్ధతే గాని, అది శాశ్వతమని, తిరిగి గొట్టాలు కలిపించుకోవడం కష్టమని, కలిపినా గర్భం వస్తుందన్న హామీ లేదని తెలిసి ఒప్పుకున్నప్పుడే అది ఆమె నిర్ణయమవుతుంది.

ఈ మాటలు గర్భిణిగా పరీక్షలకు వచ్చే నెలల్లోనే మొదలుపెట్టాలి. ప్రసవమైన 48 గంటలలోపు గర్భసంచిలో అమర్చే కాపర్-టీ వేసే వీలుంది కనుక ముందే చెప్పి ఉంచాలి. నొప్పులు పడుతున్న మనిషి చేత సంతకం చేయించుకోవడం సమ్మతి అనిపించుకోదు.

పద్ధతులన్నీ ఏకరువు పెట్టకుండా, ఆమెకు సరిపడే రెండు మూడింటిని నమూనాలు చేతికిచ్చి వివరించాలి. దుష్ప్రభావాలు చెబితే భయపడి వెళ్లిపోతారని కొందరు దాచిపెడతారు, కానీ చెప్పకుండా ఇచ్చినదాన్నే ఆడవాళ్లు త్వరగా మానేస్తారు. కాపర్-టీతో మొదటి కొన్ని నెలలు బహిష్టు ఎక్కువ కావచ్చు; తీయించుకోగానే గర్భం వచ్చే అవకాశం తిరిగి వస్తుంది. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్‌తో బహిష్టు క్రమం తప్పవచ్చు, ఆగిపోనూవచ్చు. ఆగినంత మాత్రాన చెడు రక్తం లోపల పేరుకోదని మన ఊళ్లలో ప్రత్యేకంగా చెప్పాలి. ఇంజెక్షన్ మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యమవుతుంది కనుక, త్వరలో బిడ్డ కావాలనుకునేవారికి ఆ మాట తప్పక చెప్పాలి. హార్మోన్లు లేని ఛాయ మాత్రను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికి ఒకసారి వేసుకోవాలి. పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. రోజూ వేసుకునే హార్మోన్ల మాత్ర మాలా-ఎన్ అయితే ప్రసవమైన ఆరు నెలల వరకు పాలిచ్చేవారికి, అలాగే అధిక రక్తపోటు ఉన్నవారికి తగదు. హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల నుంచి కాపాడేది నిరోధ్ (కండోమ్) ఒక్కటే.

అత్తగారో భర్తో పక్కన కూర్చుంటే, వారిని నొప్పించకుండా కాసేపైనా ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. భర్త వస్తే మగవారికి చేసే శాశ్వత ఆపరేషన్ వేసెక్టమీ గురించి ఆయనకూ చెప్పాలి: కోత లేని చిన్న ప్రక్రియ అని, బలం తగ్గదని, మూడు నెలల తరువాత వీర్యపరీక్ష అయ్యేవరకు మరో పద్ధతి వాడాలని.

చివరగా, విన్నదాన్ని ఆమె మాటల్లోనే తిరిగి చెప్పించుకోవాలి. అంతర ఎంచుకుంటే తరువాతి తేదీని కార్డుపై రాసి, గడువు దాటినా నాలుగు వారాలలోపు వేయించుకోవచ్చని, నచ్చకపోతే ఎప్పుడైనా మరో పద్ధతికి మారవచ్చని చెప్పి పంపాలి.