రేసింగ్ గేమ్‌లో అసలు కార్లు పెట్టాలంటే: లైసెన్స్ పని మొదటి నుంచి

అసలు కారుకి పేరు మార్చేసి, లోగో చెరిపేస్తే లైసెన్స్ లేకున్నా సరిపోతుందనుకుని మొదలుపెట్టే చిన్న టీములు చాలా ఉన్నాయి. సరిపోదు. జీప్ ముందున్న ఏడు నిలువు గాళ్ల గ్రిల్‌ని బ్యాడ్జి లేకపోయినా ఎవరైనా గుర్తుపడతారు, కంపెనీ కాపాడుకునేది ఆ పోలికనే. 1940ల నుంచి జీపులతో సంబంధం ఉన్న మహీంద్రా అమెరికాలో రాక్సర్ అనే బండిని అమ్మడం మొదలుపెడితే, 2018లో అప్పటి జీప్ యజమాని ఫియట్ క్రైస్లర్ అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కెక్కింది. ఆకారం జీప్‌లా ఉందని 2020లో అమ్మకానికి అడ్డం పడింది. ముందు భాగం మార్చాకే దారి దొరికింది.

గేముల సంగతి కాస్త వేరు. కాల్ ఆఫ్ డ్యూటీ అనే యుద్ధం గేమ్‌లో అమెరికా సైన్యపు బండి హమ్వీని వాడారని 2017లో వేసిన కేసులో ఆ గేమ్ కంపెనీ యాక్టివిజన్ 2020లో గెలిచింది. కానీ దాన్ని ధీమాగా తీసుకోకండి. యుద్ధం గేమ్‌లో బండి నేపథ్యం, రేసింగ్ గేమ్‌లో మీరు అమ్ముకునేదే బండి. పైగా రెండేళ్లకు పైగా లాయర్లను పోషించే స్తోమత ఎంతమందికి ఉంటుంది?

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది: అసలు కార్లు మీకు నిజంగా కావాలా? బీమ్‌ఎన్‌జీ డ్రైవ్ అనే గేమ్‌లో కార్లన్నీ కల్పితాలే, అందుకే వాటిని ఎంత నుజ్జు చేసినా అడిగేవాళ్లు లేరు. కల్పిత కారు గీసేటప్పుడు గ్రిల్, లైట్ల రూపం, పక్కనుంచి కనిపించే గీత, ఈ మూడూ ఒకే మోడల్ నుంచి రాకుండా చూసుకోండి. డిజైన్ తెలియని ఇద్దరికి బూడిదరంగు రెండర్ (కంప్యూటర్‌లో తీసిన కారు బొమ్మ) చూపించి "ఇది ఏ కారు?" అని అడగండి. ఇద్దరూ ఒకే పేరు చెబితే మళ్లీ గీయాల్సిందే.

అసలు కార్లే కావాలంటే, ఒక్కో కారుకి ఎవరెవరి అనుమతి కావాలో పట్టిక వేయండి. రోడ్డు కారుకి సాధారణంగా తయారీదారు ఒక్కరితో పోతుంది. రేసు కారు అలా కాదు. ఫ్రాన్స్‌లోని లెమాన్ రేసులో పరుగెత్తిన పోర్షె 911 ఆర్‌ఎస్‌ఆర్‌నే తీసుకుంటే కారు పోర్షెది, టైరు మీద అక్షరాలు మిషెలిన్‌వి, తలుపు మీది స్టిక్కర్లు స్పాన్సర్లవి, కిటికీ మీది పేరు డ్రైవర్‌ది, రేసు పేరు నిర్వాహకులది. పోర్షె సంతకం పెట్టినా మిగతావి రావు. బడ్జెట్ తక్కువైతే ఖాళీ బాడీ తీసుకుని రంగులు మీరే వేయండి.

ఉత్తరం డీలర్‌కో, సేల్స్ ఆఫీసుకో రాస్తే చెత్తబుట్టలోకే. బ్రాండ్ లైసెన్సింగ్ విభాగానికి, లేదా ఆ కంపెనీ తరఫున లైసెన్సులిచ్చే ఏజెన్సీకి రాయాలి. రెండు పేజీలు చాలు: ఏ ప్లాట్‌ఫారాలు, ఏ దేశాలు, ధర, విడుదల నెల, కావాల్సిన కార్లు (మోడల్, సంవత్సరం, వేరియంట్‌తో సహా). తాత్కాలిక కారుతో తీసిన నిమిషంన్నర ఆట వీడియో జతచేయండి. పోలీసు ఛేజులు, పాదచారులు, డబ్బుతో కొనే లాటరీ పెట్టెలు ఉంటే ముందే చెప్పండి. తర్వాత బయటపడితే సంతకమైన ఒప్పందమే చెడుతుంది. 2019లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ హీట్‌లో టొయోటా కార్లు లేవు. తమ కార్లు ఉండేది అక్రమ వీధి రేసులను ప్రోత్సహించని గ్రాన్ టూరిస్మో అనే రేసింగ్ గేమ్‌లోనని ఆ కంపెనీ బ్రిటన్ విభాగం ట్విటర్‌లోనే అంది.

ఒప్పందంలో రుసుము మీద బేరమాడి మిగతాది చదవకుండా సంతకం పెట్టేయడం మామూలే. అసలు కత్తి గడువులో ఉంటుంది. 2018లో వచ్చిన ఫోర్జా హొరైజన్ 4 రేసింగ్ గేమ్‌ని లైసెన్సుల గడువు ముగిసి 2024 డిసెంబరు 15న స్టోర్ల నుంచి తీసేశారు. కొన్నవాళ్లు మాత్రం ఆడుకుంటూనే ఉన్నారు. ఈ రెండో మాట మీ ఒప్పందంలో విడిగా రాసి ఉండాలి: గడువు తీరినా కొన్నవాళ్లు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చని, బగ్గులు సరిచేసే అప్‌డేట్లు ఇవ్వొచ్చని. ట్రైలర్లు, స్క్రీన్‌షాట్లు, ఆటగాళ్ల స్ట్రీమింగ్, కొత్త కన్సోల్‌కి పోర్ట్... వీటిలో రాయనిది రానట్టే. గేమ్‌లో కారు ఎంత దెబ్బతినొచ్చన్న డ్యామేజీ షరతు కూడా గీతలు, పగిలిన లైటు, ఊడిన బంపర్ అని భాగాల వారీగా రాయించండి. క్యాబిన్ నలగడం, మంటలు చాలామంది ఒప్పుకోరు. "తగినంత" అన్న మాట వదిలేస్తే ఆమోదం దగ్గర పేచీ వస్తుంది.

మన దేశం నుంచి రాయల్టీ పంపేటప్పుడు టీడీఎస్ కోయాలి. ఆ దేశాలతో మనకున్న పన్ను ఒప్పందం కింద జర్మనీ, జపాన్ కంపెనీలకు 10 శాతం. అందుకు వాళ్ల ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. "పన్నులు పోను ఇంత అందాలి" అన్న వాక్యం ఒప్పందంలో ఉంటే ఆ 10 శాతం మీ జేబులోంచే.

మీరు గేమ్‌లో తయారుచేసిన కారు మోడల్‌ని కంపెనీ చూసి ఆమోదించడానికి కనీసం రెండు రౌండ్లు షెడ్యూల్‌లో పెట్టుకోండి. ముందు, వెనక, పక్క, పైన, లోపల అన్ని వైపుల నుంచీ రెండర్లు తెల్లటి వెలుతురులో పంపాలి. సాయంకాలపు ఎండలో అందంగా ఉంటుందని పంపితే పెయింట్ రంగు తప్పని వెనక్కొస్తుంది. ఎక్కువగా దొరికిపోయేవి: నేల నుంచి కారు ఎత్తు, తలుపుల మధ్య సందు, బ్యాడ్జి అక్షరాల మందం, ఆ మోడల్‌కి కంపెనీ ఇవ్వని రంగు.

అడిగినా దొరక్కపోతే? 2000 నుంచి 2016 దాకా పోర్షె గేమ్ హక్కులు ఈఏ (నీడ్ ఫర్ స్పీడ్ గేముల కంపెనీ) చేతిలో ఉన్నప్పుడు గ్రాన్ టూరిస్మో రూఫ్ అనే చిన్న జర్మన్ సంస్థ కార్లు పెట్టుకుంది. రూఫ్ ఎక్కువగా పోర్షె బాడీల మీదే కార్లు కట్టేది, కానీ జర్మనీలో దానికి సొంత తయారీదారు గుర్తింపు ఉంది. అలాంటి చిన్న సంస్థలు మీ ఉత్తరం చదివే అవకాశమూ ఎక్కువ.

ఇక కోడ్. ప్రతి బ్రాండూ విడి ప్యాకేజీగా, బ్యాడ్జి విడి మెష్‌గా (3డీ ఆకారంగా), కారు పేరు అనువాద పట్టికలో ఒక్క చోటే ఉంచండి. లోడింగ్ బొమ్మలో, స్టోర్ ముఖచిత్రంలో ఒకే బ్రాండ్ కారు వేస్తే, గడువు రోజున అదీ మార్చాలి. సేవ్ ఫైల్‌లో కారు పేరు కాకుండా నంబర్ దాచి, ఆ నంబర్ దొరక్కపోతే అదే తరగతి కల్పిత కారు వచ్చేలా రాయండి. లేదంటే కారు తీసేసిన అప్‌డేట్ పడ్డ రోజున, ఆ కారుతో ఆట ఆపిన ప్రతివాడి గ్యారేజీ తెరవగానే క్రాష్ అవుతుంది.