మేడ ఇంటికి వైరింగ్: ఖర్చు తగ్గేది స్లాబు పోయకముందే

మిర్యాలగూడలో ఇల్లు కట్టుకునేవాళ్లు మాలాంటి ఎలక్ట్రీషియన్లను పిలిచేది ఎక్కువగా గోడలు లేచాకే. అప్పటికే ఆలస్యం. సెంట్రింగ్ కొట్టేనాడే ఏ బోర్డు ఎక్కడో తేలిపోవాలె.

మెట్ల పక్కన ఒక గోడ ఎంచుకోండి. కింద మీటర్లు, ప్రతి అంతస్తు డీబీ (ఆ అంతస్తుకు కరెంటు పంచే బోర్డు) అదే గోడకు ఒకదాని మీద ఒకటి. మెయిన్ వైర్లు నిటారుగా పైకి పోతాయి. బాత్రూంలు కూడా ఒకే వరుసలో, డీబీకి దగ్గరగా ఉంటే గీజరుకు వేసే 4 ఎంఎం వైరు బాగా మిగులుతుంది. పవర్ సాకెట్లకు 2.5, లైట్లు ఫ్యాన్లకు 1.5 చాలు. అంతకన్నా సన్నం వైరు వేసి మిగిల్చే డబ్బు నాకైతే వద్దు.

స్లాబు దగ్గర మాత్రం తొందర పనికిరాదు. కింది రాడ్ల మీద 25 ఎంఎం పైపు పరిచి బైండింగ్ వైరుతో కట్టండి. ఫ్యాన్ బాక్సును సెంట్రింగ్ చెక్కకు ఆనేలా బోర్లించి, లోపల తడి పేపరు గట్టిగా కుక్కండి. లేకుంటే సిమెంటు పాలు దిగి పైపు పూడుకుపోతుంది, తర్వాత స్లాబు తొలవాల్సిందే. మలుపుల్లో ఎల్బో వద్దు, పొడుగు బెండు పెట్టండి. వైరు గుంజేటప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తది. కాంక్రీటు పోస్తుంటే ఒక మనిషి పైపుల మీదే కన్నేసి ఉండాలె. వైబ్రేటర్ తగిలి జాయింట్లు ఊడతాయి.

పై అంతస్తు కిరాయికి ఇస్తారా? అయితే వేరే మీటరు, వేరే ఫేజు వైరు ఒక్కటే సరిపోదు, న్యూట్రల్ కూడా కింది నుంచీ వేరేగానే రావాలి. పైపు మిగలాలని రెండు అంతస్తుల న్యూట్రల్ కలిపేస్తే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఊకె పడిపోతుంది. విసుగొచ్చి దాన్ని తీసేస్తారు, అప్పుడు షాక్ కొడితే కాపాడేది ఉండదు. ఇన్వర్టరు లైనుకూ ఇదే మాట.

మెట్ల లైటుకు కింద ఒకటి, పైన ఒకటి టూ వే స్విచ్.

ఎర్తింగు దగ్గర పైసలు చూడకండి. మన నల్గొండ రాతి నేలలో తడి నిలవదు. గుంతలో ఎర్తు పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, ఇంటికి ఐదడుగుల దూరంలో, బట్టలుతికిన నీళ్లు పారే చోట పెట్టండి. ఎండాకాలంలో ఆ పైపులో బకెట్ నీళ్లు పోస్తుండండి.