పర్లాకిమిడి నుంచి విశాఖ ఆసుపత్రికి ఆయుష్మాన్ కార్డుతో వెళ్లేముందు
ఒడిశాలో పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్లకి పెద్ద జబ్బంటే విశాఖే గుర్తొస్తుంది. తెలుగువాళ్లమే కదా అని ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మనకి రాదు. 2025లో ఒడిశా కూడా కేంద్రం ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి, ఆ కార్డు ఉంటే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, రాష్ట్రం దాటినా చెల్లుతుంది. అలాగని ఏ ఆసుపత్రికి పడితే ఆ ఆసుపత్రికి వెళ్తే కుదరదు. రైలెక్కకముందే 14555కి ఫోన్ చేసి, ఆసుపత్రి ఈ పథకంలో ఉందో లేదో ఒక్కటే కాదు, గుండెకా, కిడ్నీకా, ఏ విభాగానికి అనుమతి ఉందో కూడా అడగండి, చాలామంది ఉసూరుమని తిరిగొచ్చేది ఇక్కడే. అడ్వాన్సు కట్టకముందే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆయుష్మాన్ మిత్రకి కార్డు, ఆధార్ చూపించండి. ఉత్త ఓపీకి ఇది పనికిరాదు, అడ్మిట్ అవ్వాలి. డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు కూడా ప్యాకేజీలోనే, మొహమాటపడకుండా అడిగి తీసుకోండి.