వానలకు ముందు చైన్ శుభ్రం చేస్తున్నారా? ముందు ఇంజిన్ ఆపండి

మొన్న మాకు తెలిసిన కుర్రాడొకడు బైక్ చైన్ తుడుస్తూ కుడిచేతి రెండు వేళ్లు పై కణుపు దాకా పోగొట్టుకున్నాడు. బండి సెంటర్ స్టాండ్ మీద ఉంది. ఇంజిన్ ఆన్‌లో ఉంది. ఫస్ట్ గేర్‌లో వెనక చక్రం దానంతటదే తిరుగుతుంటే, గుడ్డ మడిచి కింది చైన్‌కు ఆనించాడు. గుడ్డ పోగు ఒకటి లింకులో చిక్కింది. గుడ్డతో పాటు వేళ్లు కూడా స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్లచక్రం, పళ్లలోకి వెళ్లిపోయాయి. వానలు దగ్గర పడుతుంటే చాలామందికి చైన్ గుర్తొస్తుంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

చైన్‌కు నూనె ఎందుకు పెట్టాలో మీకు తెలుసు, దాని జోలికి పోను. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంజిన్ నడుస్తుండగా చైన్ దగ్గరికి చెయ్యి తీసుకెళ్లకండి. గుడ్డతో వద్దు, బ్రష్‌తో వద్దు, స్ప్రే గొట్టంతో కూడా వద్దు.

"మెల్లగానే తిరుగుతోంది కదా, నేను జాగ్రత్తగానే ఉంటాను" అనేవాళ్లు ఈ లెక్క చూడండి. 428 సైజు చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు 12.7 మి.మీ. దూరం. వెనక స్ప్రాకెట్‌కు 42 పళ్లుంటే, చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి చైన్ 53 సెం.మీ. జరుగుతుంది. సెకనుకు ఒక చుట్టే వేసుకుందాం. ఏదో తగిలిందని తెలిసి చెయ్యి వెనక్కి లాక్కోవడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఆలోగా చైన్ 10 సెం.మీ. పోతుంది. గుడ్డ పట్టుకున్న వేలికీ స్ప్రాకెట్‌కూ మధ్య చాలాసార్లు అంత దూరం ఉండదు. పైగా లాగే బలం అన్ని గేర్లకంటే ఫస్ట్ గేర్‌లోనే ఎక్కువ. ఎముక అడ్డం పడినా చక్రం ఆగదు.

ఇంజిన్ ఆపడమంటే హ్యాండిల్ మీది కిల్ స్విచ్ (ఇంజిన్ ఆపే మీట) నొక్కడం కాదు. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. మీరు కింద కూర్చుని పని చేసుకుంటుంటే, పక్కనున్న పిల్లాడు సెల్ఫ్ బటన్ నొక్కడని నమ్మకమేమిటి?

ఇంజిన్ ఆపేశాక కూడా ఇంకో పొరపాటు జరుగుతుంది. ఒక చేత్తో చక్రాన్ని గిరగిరా తిప్పి వదిలి, రెండో చేత్తో గుడ్డ ఆనిస్తారు. బరువైన చక్రం ఊపులో ఉన్నప్పుడు వేలు నలగడానికి ఇంజిన్ అక్కర్లేదు. జానెడు తిప్పండి, ఆపండి, ఆ ముక్క తుడవండి, మళ్లీ జానెడు తిప్పండి. చక్రాన్ని వెనక్కి తిప్పండి. ముందుకు తిప్పితే కింది చైన్ వెనక స్ప్రాకెట్ పళ్లలోకి వెళుతుంది. వెనక్కి తిప్పితే అక్కడి నుంచి బయటికి వస్తుంది, కాబట్టి చెయ్యి పళ్లకు దూరంగా జరుగుతుంది. చెయ్యి ఎప్పుడూ కింది చైన్ మధ్యభాగంలోనే ఉండాలి. గుడ్డ కంటే పొడవు పిడి ఉన్న బ్రష్ మేలు.

ఇక చైన్ సంగతి. లింకుల మధ్య చిన్న రబ్బరు రింగులు కనిపిస్తే అది సీల్డ్ చైన్. లోపలి గ్రీజు బయటికి పోకుండా ఆపేవి ఆ రింగులే. పెట్రోల్, ఇనుప బ్రష్, ప్రెషర్ వాష్ వాటిని పాడుచేస్తాయి. అవి పోయాక మీరు పైపైన ఎంత నూనె పోసినా లోపలికి చేరదు. అలాంటి చైన్ తుడవడానికి చైన్ క్లీనరో, కిరోసినో వాడండి. లూబ్‌ను (చైన్‌కు పెట్టే నూనెను) కింది చైన్ లోపలి వైపు, బండి నడిపొచ్చాక చైన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు పట్టించండి. తిరిగేటప్పుడు అది లోపల్నుంచి బయటికి పాకుతుంది. రాత్రంతా వదిలేసి, పొద్దున పైన మిగిలింది తుడిచేయండి.

లూజు, అంటే కింది చైన్ మధ్యలో పైకీ కిందికీ ఆడే దూరం, ఎంతుండాలో బండి మాన్యువల్‌లో గానీ స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీద స్టిక్కర్‌లో గానీ ఉంటుంది. చిన్న బళ్లకు చాలావరకు 20 నుంచి 30 మి.మీ. మధ్య. ఒక్కచోట కొలిచి వదలకండి. చైన్ అన్నిచోట్లా సమానంగా సాగదు కాబట్టి, చక్రం తిప్పుతూ బాగా బిగువుగా ఉన్న చోట కొలవండి. లూజైతే చైన్ ఊడి వెనక చక్రం పట్టేయొచ్చు, తడి రోడ్డు మీద అది ప్రాణాల మీదికి తెస్తుంది. మరీ టైటైతే గుంతలో పడ్డప్పుడల్లా గేర్‌బాక్స్ బేరింగ్ మీద భారం పడుతుంది. సందేహంగా ఉంటే రవ్వంత లూజుగానే ఉంచండి.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

ఉంగరం, బ్రేస్‌లెట్, వేలాడే చేతులున్న చొక్కా తీసేసి కూర్చోండి. టైరుకు, బ్రేక్ డిస్కుకు లూబ్ తగలనివ్వకండి. తగిలితే పూర్తిగా తుడిచేదాకా బండి కదపకండి. చైన్ రెండు కొసల్నీ కలిపే లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ వెళ్లే దిశకే ఉండాలి. చైన్ బిగువు సరిచేసే అడ్జస్టర్ల గుర్తులు చక్రానికి రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉండాలి. వెనక చక్రం ఇరుసు (యాక్సిల్) నట్టు బిగించారా? మళ్లీ చూడండి. చక్రం జరిపితే డ్రమ్ బ్రేక్ పెడల్ ఆట మారుతుంది, రోడ్డెక్కే ముందు నొక్కి చూడండి. వెనక స్ప్రాకెట్ వెనుక వైపు చైన్ పట్టుకుని లాగితే సగం పన్ను బయటపడుతోందా? ఆ చైన్ అయిపోయింది. కొత్త చైన్ ఒక్కటే వేయించకండి, స్ప్రాకెట్లతో సహా సెట్టు మార్చండి. చైన్ కవర్ తీసేసి తిరగకండి. వానలో తడిసిన రోజున చైన్ ఆరాక లూబ్ పెట్టండి, వారం ఆగకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. వీడియోలో ఎవరో నడిచే ఇంజిన్ మీద చైన్ తుడిచి చూపించారా? చూసి వదిలేయండి, చేయకండి. ఇంజిన్ ఆపండి. తాళంచెవి తీయండి.

ఎవరి వేలైనా ఇరుక్కుంటే బలవంతంగా లాగకండి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్ చేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా వెనక్కి తిప్పండి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమిపట్టి, చెయ్యి పైకెత్తి ఉంచండి. వేలు తెగిపడితే తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు మీద పెట్టండి. వేలికి నేరుగా ఐసు తగలకూడదు. అతికించే సర్జన్ ఉన్న ఆసుపత్రి ఏదో దారిలోనే ఫోన్ చేసి కనుక్కోండి. మనిషితో పాటు ఆ కవర్ కూడా వెంటనే వెళ్లాలి.