పేజీ టైటిల్ రాసే ముందు ఇవి చూసుకోండి

గద్వాల చీరల దుకాణానికి వెబ్‌సైట్ పెట్టారనుకుందాం. గూగుల్‌లో కనిపించే టైటిల్, దాని కింద వచ్చే మెటా డిస్క్రిప్షన్ ప్రతి పేజీకీ రాయాలి.

రాయడానికి కూర్చునే ముందే, కొనేవాళ్లు ఏమని వెతుకుతారో నలుగురిని అడగండి. కొందరు 'గద్వాల చీర' అంటారు, కొందరు 'గద్వాల్ శారీ' అని కొడతారు.

అన్ని పేజీలకీ ఒకే టైటిల్ అసలు పెట్టొద్దు. 'హోమ్' అని వదిలేస్తే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? 'పట్టు అంచు గద్వాల నూలు చీరలు' అని రాసి, దుకాణం పేరు చివర్లో పెట్టండి.

పొడవు దగ్గరే చాలామంది పొరబడతారు. ఇంగ్లిష్ టైటిల్‌కు సుమారు 60 అక్షరాలని చెబుతుంటారు. కానీ గూగుల్ కోసేది స్క్రీన్ మీద పట్టే వెడల్పును బట్టి. పైగా 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు. అందుకే అక్షరాలు లెక్కపెట్టే టూల్‌ను నమ్ముకోకుండా, ముఖ్యమైన మాట మొదట్లోనే పెట్టి ఫోన్‌లో చూసుకోండి.

డిస్క్రిప్షన్‌లో పేజీలో లేనిది రాయకండి. చేనేత అని రాసి లోపల మరమగ్గం చీరలు పెడితే, అది నేతన్న నోటికాడి కూడు లాక్కోవడమే. డిస్క్రిప్షన్ రాసినంత మాత్రాన గూగుల్ ఫలితాల్లో మీ ర్యాంకు పెరగదు, చదివినవాళ్లు లోపలికి రావడానికే ఇది. గూగుల్ ఒక్కోసారి మీరు రాసింది పక్కనపెట్టి పేజీలోంచి వేరే వాక్యం చూపిస్తుంది, టెన్షన్ పడకండి.

మెటా కీవర్డ్స్ మీద, అంటే పేజీ కోడ్‌లో పైకి కనిపించకుండా రాసే వెతుకుడు మాటల జాబితా మీద, టైం పెట్టొద్దు. ర్యాంకింగ్‌కు వాటిని వాడడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.