వీట్ సెటప్‌లో ఎర్రర్లు: ఏది వస్తే ఏం చేయాలి

వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్. దాని ప్రాజెక్టును తయారుచేసి నడిపించే టూల్ వీట్. రియాక్ట్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్లలో చాలామంది కోడ్ దగ్గర ఆగిపోరు, అంతకుముందే సెటప్ దగ్గర ఆగిపోతారు. టెర్మినల్ నిండా ఎర్ర అక్షరాలు పరుచుకుంటే టెన్షన్ పడి, ‘ఇది మనకు వచ్చే పని కాదేమో’ అనుకుంటారు. అలా ఆగిపోయినవాళ్ల పక్కన కూర్చుని చూసినప్పుడల్లా నాకు కనిపించింది ఒకటే: తప్పు వాళ్లది కాదు. పాత నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్), ఫోల్డర్ పేరు, సగం దిగిన ప్యాకేజీలు, ఈ మూడింటిలోనే ఎక్కువసార్లు కారణం దొరికింది.

మొదలుపెట్టే ముందు ఒక అలవాటు చేసుకోండి. ఎర్రర్‌ను పై నుంచి చదవండి. కంటికి ముందు కనిపించేది చివరి లైనే కానీ, అందులో లాగ్ ఫైల్ ఎక్కడుందో తప్ప సాధారణంగా ఇంకేమీ ఉండదు. అసలు సంగతి మొదటి రెండు మూడు లైన్లలో ఉంటుంది.

పాత వీడియో చూసి కమాండ్ కొడితే ‘డిప్రికేటెడ్’ (ఇక వాడొద్దు) అంటోంది, లేదా ‘ఈరిజాల్వ్’ అని ఆగిపోతోంది

ఆ వీడియోలో వాడింది క్రియేట్ రియాక్ట్ యాప్ అయి ఉంటుంది. 2016లో ఫేస్‌బుక్ నుంచి వచ్చిన ఈ టూల్ వెబ్‌ప్యాక్, బేబెల్ లాంటి, కోడ్‌ను బ్రౌజర్‌కు సిద్ధం చేసే టూల్స్ అన్నీ ముందే అమర్చి ఇచ్చేది. ఏళ్ల తరబడి అందరూ దాంతోనే మొదలుపెట్టారు. 2024 డిసెంబర్‌లో రియాక్ట్ 19 వచ్చినప్పుడు దాని టెంప్లేట్‌లోని టెస్టింగ్ లైబ్రరీ ఇంకా రియాక్ట్ 18నే అడుగుతుండటంతో ఇన్‌స్టాల్ మధ్యలో తగువు వచ్చింది. ఈరిజాల్వ్ అంటే ఆ తగువే. 2025 ఫిబ్రవరి 14న రియాక్ట్ టీమే కొత్త యాప్‌లకు దీన్ని వాడొద్దని ప్రకటించింది.

ఇక్కడ ‘ఫోర్స్’ అనో ‘లెగసీ పీర్ డెప్స్’ అనో తగిలించి ముందుకు తోసే సలహా దొరుకుతుంది. కొత్త ప్రాజెక్టుకు ఆ పని చేయకండి. ఆ ఫోల్డర్ తీసేసి, ఎన్‌పీఎం (నోడ్‌తో పాటు వచ్చే, ప్యాకేజీలు దించే టూల్) వాడి ‘ఎన్‌పీఎం క్రియేట్ వీట్’ కమాండ్‌ను ‘లేటెస్ట్’ జోడించి కొట్టండి. పేరు అడుగుతుంది, ఫ్రేమ్‌వర్క్ అడుగుతుంది. రియాక్ట్, ఆ తర్వాత జావాస్క్రిప్ట్ ఎంచుకోండి. ఫోల్డర్‌లోకి వెళ్లి ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’, తర్వాత ‘ఎన్‌పీఎం రన్ డెవ్’. అంతే.

పాత అలవాటు కొద్దీ ‘ఎన్‌పీఎం స్టార్ట్’ కొడితే ‘మిస్సింగ్ స్క్రిప్ట్’ అని వస్తుంది, ఎందుకంటే వీట్‌లో ఆ స్క్రిప్ట్ పేరు ‘డెవ్’. బ్రౌజర్‌లో కూడా 3000 పోర్టు కాదు, 5173 తెరవాలి.

విండోస్‌లో ఎన్‌పీఎం అనగానే ‘స్క్రిప్టులు రన్ చేయడం డిసేబుల్ అయింది’ అని వస్తోంది

ఇది పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు కొట్టే టెర్మినల్) కాపలా, ఎన్‌పీఎంలో లోపం కాదు. వీఎస్ కోడ్ టెర్మినల్ పక్కనున్న బాణం గుర్తు నొక్కి ‘కమాండ్ ప్రాంప్ట్’ ఎంచుకుంటే చాలు. పవర్‌షెల్లే కావాలంటే మీ యూజర్ వరకు ఎగ్జిక్యూషన్ పాలసీని ‘రిమోట్ సైన్డ్’గా మార్చుకోవచ్చు. ఆఫీసు లాప్‌టాప్ అయితే ముందు అడిగి మార్చండి.

‘క్రిప్టో డాట్ హ్యాష్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్’

ఎర్రర్ చూస్తే ఏదో ఎన్‌క్రిప్షన్ గొడవలా ఉంటుంది. కారణం మాత్రం నోడ్ పాతబడటమే. వీట్ 7కు నోడ్ 20.19 గానీ, 22.12 లేదా ఆపైది గానీ ఉండాలి. చాలా లాప్‌టాప్‌లలో ఎప్పుడో కాలేజీ ల్యాబ్ కోసం వేసిన నోడ్ 16, 18 అలాగే ఉండిపోతాయి. టెర్మినల్‌లో నోడ్ వెర్షన్ చూసుకుని, ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండేది) అని రాసి ఉన్నది వేసుకోండి. వేశాక వీఎస్ కోడ్‌ను పూర్తిగా మూసి తెరవండి, లేకపోతే తెరిచి ఉన్న టెర్మినల్ పాత నోడ్‌నే చూపిస్తుంది. ఒక ప్రాజెక్టుకు పాతది, ఇంకోదానికి కొత్తది కావాల్సి వస్తే నోడ్ వెర్షన్లు మార్చుకునే ఎన్‌వీఎం టూల్ పెట్టుకోండి.

దీనికి తిరగబడిన కేసు కూడా ఉంది. నోడ్ కొత్తది, ప్రాజెక్టు పాతది. అప్పుడు ‘డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్, అన్‌సపోర్టెడ్’ అని వస్తుంది. నోడ్ 17 నుంచి లోపల ఓపెన్ ఎస్ఎస్ఎల్ 3 ఉంది. వెబ్‌ప్యాక్ 4 వాడే ఎండీ4 అనే పాత హ్యాష్‌ను అది మామూలుగా ఒప్పుకోదు. ‘లెగసీ ప్రొవైడర్’ ఆప్షన్ పెడితే ప్రాజెక్టు నడుస్తుంది కానీ, ఆ రోజుకు గండం గట్టెక్కడానికి మాత్రమే దాన్ని వాడండి. సరైన మందు క్రియేట్ రియాక్ట్ యాప్ వాడే రియాక్ట్ స్క్రిప్ట్స్ ప్యాకేజీని వెర్షన్ 5కు పెంచడం, వీలైతే వీట్‌కు మారడం.

‘కెనాట్ ఫైండ్ మాడ్యూల్’ అంటూ రోలప్ పేరు, పక్కన విన్32 అనో లినక్స్ అనో కనిపిస్తోంది

స్నేహితుడు ప్రాజెక్టును జిప్ చేసి పంపినప్పుడు ఇది తరచూ వస్తుంది. వీట్ 7 దాకా ఫైనల్ బిల్డ్ చేసేది రోలప్. దానికి ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక్కో బైనరీ ఉంటుంది. అతని మ్యాక్‌లో దిగిన నోడ్ మాడ్యూల్స్ (ప్యాకేజీలన్నీ ఉండే ఫోల్డర్) మీ విండోస్‌లో పనికిరావు. ఏమీ కాపీ చేయకపోయినా ఒక్కోసారి వస్తుంది. ఆప్షనల్ డిపెండెన్సీల విషయంలో ఎన్‌పీఎంలో ఉన్న బగ్ దానికి కారణం.

రెండిటికీ మందు ఒకటే. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్, ప్యాకేజ్ లాక్ ఫైల్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండేది) రెండూ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. టీమ్ ప్రాజెక్టు అయితే లాక్ ఫైల్ తీసేముందు అందరికీ చెప్పండి, మిగతా ప్యాకేజీల వెర్షన్లు కూడా కదులుతాయి.

ఇన్‌స్టాల్ బాగానే అయింది, రన్ చేస్తే కమాండ్ ‘రికగ్నైజ్’ కాలేదంటోంది

మా తమ్ముడి లాప్‌టాప్‌లో ఇది ఒక సాయంత్రమంతా తినేసింది. నోడ్ రెండుసార్లు తీసి వేశాం. చివరికి ఎర్రర్‌లో ఉన్న దారిని వేలు పెట్టి అక్షరం అక్షరం చదివితే, అది డ్రైవ్ దగ్గర మొదలవ్వాల్సింది పోయి సగంలో ‘సీఎస్ఎస్’ అనే మాట దగ్గర మొదలైంది. వాడి ఫోల్డర్ పేరు ‘హెచ్‌టీఎంఎల్ & సీఎస్ఎస్’. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌కు ‘&’ అంటే ఒక కమాండ్ అయిపోయింది, ఇంకోటి మొదలైందని అర్థం. దారి అక్కడ రెండు ముక్కలైంది. ఫోల్డర్ పేరు మార్చగానే యాప్ లేచింది.

అందుకే సీ డ్రైవ్‌లో ‘ప్రాజెక్ట్స్’ అని ఒక ఫోల్డర్ పెట్టి, లోపల పేర్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉంచండి. డెస్క్‌టాప్ మీద వద్దు. వన్‌డ్రైవ్ దాన్ని సింక్ చేస్తూ ఉంటే వేల ఫైళ్లున్న నోడ్ మాడ్యూల్స్ మధ్యలో లాక్ అయిపోయి ‘ఈపెర్మ్’ (అనుమతి లేదనే) ఎర్రర్లు వస్తాయి.

ఎన్వ్ ఫైల్‌లో (యాప్ సెట్టింగ్‌లు రాసే ఫైల్) విలువ రాశాను, యాప్‌లో ‘అన్‌డిఫైన్డ్’

పేరు ముందు క్యాపిటల్ లెటర్స్‌లో ‘వీట్’, దాని వెనకే అండర్‌స్కోర్ ఉండాలి. చదివేది ‘ప్రాసెస్’ నుంచి కాదు, ‘ఇంపోర్ట్ డాట్ మెటా డాట్ ఎన్వ్’ నుంచి. ఫైల్ ‘సోర్స్’ లోపల కాకుండా ప్రాజెక్టు మొదట్లో ఉండాలి. అన్నీ సరిగ్గా ఉన్నా అలాగే వస్తుంటే సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఇలా పెట్టిన ప్రతి విలువా బ్రౌజర్‌లో ఎవరికైనా కనిపిస్తుంది కాబట్టి పేమెంట్ సీక్రెట్ కీలు, డేటాబేస్ పాస్‌వర్డులు ఇక్కడ ఎప్పుడూ పెట్టకండి.

నా దగ్గర నడుస్తోంది, హోస్ట్ చేశాక తెల్ల పేజీ

గిట్‌హబ్ పేజెస్‌లో మీ యాప్ రెపో పేరు కింద ఉంటుంది, బిల్డ్ మాత్రం ఫైళ్లను సైట్ మొదట్లో వెతుకుతుంది. వీట్ కాన్ఫిగ్‌లో ‘బేస్’ విలువగా రెపో పేరును రెండు స్లాష్‌ల మధ్య పెట్టి మళ్లీ బిల్డ్ చేయండి.

బిల్డే అక్కడ ఫెయిలై ఏదో కాంపొనెంట్ దొరకలేదంటే, అక్షరాలు చూడండి. ఫైల్ పేరులో పెద్ద హెచ్, ఇంపోర్ట్‌లో చిన్న హెచ్ ఉన్నా విండోస్ సర్దుకుపోతుంది, బిల్డ్ నడిచే లినక్స్ సర్వర్ సర్దుకుపోదు. ఎక్స్‌ప్లోరర్‌లో పేరు మార్చినా, అక్షరం సైజు ఒక్కటే మారితే విండోస్‌లో గిట్ సాధారణంగా పట్టించుకోదు. ‘గిట్ ఎంవీ’ కమాండ్‌తో మార్చి, కమిట్ చేసి మళ్లీ పుష్ చేయండి.